ఉప్పుగాలిలో లక్కపలకలు

1902వ సంవత్సరమున ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్‌జాన్ గానమును ముద్రించిన పిదప దేశమంతట వ్యాపించిన గ్రామఫోను, నెల్లూరు సీమలో అడుగిడునప్పటికి కేవలము పరదేశవస్తువు కాదు. పాటను మోయు పలకకు ప్రాణమైన లక్క మన అడవులలో చెట్ల కొమ్మలపై పురుగులు స్రవించునది. సూది కంపనమును శబ్దముగ మార్చు సౌండుబాక్సులోని పలుచని రేకు అభ్రకము. అట్టి అభ్రకమునకు గూడూరు, కలిచేడు, సైదాపురము గనులు పేరెన్నికగన్నవి. ఆకుపచ్చని ఛాయతో మెఱయు నెల్లూరి అభ్రకమును విదేశీయ వర్తకులు కోరి కొనుచుండెడివారు.

కీ యిచ్చి తిప్పిన పేటికపై నిమిషమునకు 78 మారులు తిరుగు పలక, ప్రక్క కొకటికి ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే పాడును. ఆ స్వల్పకాలములోనే ఉక్కుసూది మొన అరిగిపోవును. ఏలయన లక్కలో కలిపిన రాతిపొడి సూదిని గాడి కనుగుణముగ అరుగదీయుటకే ఉద్దేశింపబడినది. అరిగిన సూదినే మరల వాడినచో అది గాడిని కోసివేయును గనుక, ప్రక్క మార్చిన ప్రతిమారును సూదిని మార్చవలెనన్న నియమము ఏర్పడెను. రెండువందల సూదులు గల చిన్న రేకుడబ్బీ చేతనుండియు పొదుపునకై ఆ నియమమును మీఱినవారి యిండ్లలో, కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యములును, స్థానం నరసింహారావుగారి పాటలును బుసబుసల నడుమ మునిగిపోయినవి. వానకంటెను చెదకంటెను ఈ పొదుపే మన పలకలకు ఎక్కువ కీడు చేసినదని నా నిశ్చయము.

అయినను తీరపు వాతావరణము సామాన్యశత్రువు కాదు. మైపాడు, కృష్ణపట్నము, తూపిలిపాళెము ప్రాంతములయందు ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యఋతుపవనము తెచ్చు తేమకు పలకలపై బూజు పట్టును. ఉప్పుగాలికి పేటికలోని ఉక్కుచుట్ట త్రుప్పు పట్టును. కాగితపు సంచులను చెదలు తినును. వైశాఖ జ్యేష్ఠములలో వడగాలి వీచునప్పుడు, ఒకదానిపై నొకటి పేర్చిన పలకలు వంగుటయో, బరువునకు బీటలువారుటయో సంభవించును. 1927వ సంవత్సరపు నవంబరు తుపానువంటి విపత్తు వచ్చినప్పుడు పాటలపెట్టెను తలచువా రెవ్వరు?

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33 చుట్లకు స్వల్పముగ మించి తిరుగు వినైల్ పలకను వెలువరించెను. నెల్లూరి హరికథకులు సాంబమూర్తిగారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యము 1966లో తొలి సినిమాపాట పాడునాటికి లోకమున లక్కయుగము అస్తమించుచుండెను. వినైల్ క్రిందపడిన పగులదు గాని, ధూళిని ఆకర్షించును, గీతలు పడును, ఎండకు వంగును.

కావున ఇంటి అటకపై తాతలనాటి పలకలున్నవారు వానిని దించి, గాలి తగులు చోట, ఎండ పడని గోడప్రక్క నిలువుగ నిలుపుడు. మెత్తని పొడిబట్టతో గాడి వెంబడి తుడువుడు. లక్కపలకకు స్పిరిటు మాత్రము తాకనీయకుడు. అది లక్కను కరగించును. పలుకగలిగినవానిని ఈ కార్తికపు వానలకు ముందే ఒక్కమారు పలికించి, ఆ ధ్వనిని మరియొక చోట భద్రపరుపుడు.