కనిపించే కాంతి, కనిపించని కాంతి: కొలతల కథ

చదువుకోవడానికి వెలుతురు చాలునో లేదో మీ కన్నే చెబుతుంది. మరి కన్ను చూడలేని అతినీలలోహిత కాంతిని ఎలా కొలుస్తాం?

1801లో జర్మనీ శాస్త్రవేత్త రిట్టర్ వర్ణపటంలో ఊదారంగుకు అవతల సిల్వర్ క్లోరైడును ఉంచాడు. అక్కడ వెలుగు కనిపించకపోయినా అది త్వరగా నల్లబడింది. కనిపించని కాంతిని అది చేసే పనిని బట్టి గుర్తించవచ్చని తేలింది.

దృశ్యకాంతికి తొలి ప్రమాణం కొవ్వొత్తి. కానీ ఒక్కో కొవ్వొత్తి ఒక్కోలా వెలిగేది. అందుకే 1948లో ఘనీభవించే ప్లాటినం వెలుగు ఆధారంగా 'కాండెలా'ను నిర్వచించారు. ఆ ప్రయోగం కష్టసాధ్యం కావడంతో 1979లో నిర్వచనం మారింది. 540 టెరాహెర్ట్జ్ ఆకుపచ్చ కాంతిలో ఒక వాట్‌కు 683 ల్యూమెన్లని స్థిరపరచి, కాండెలాను దానికి ముడిపెట్టారు.

మన దేశంలో ఈ ప్రమాణాలను నిలిపేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. 1947 జనవరి 4న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించారు. తొలి సంచాలకులు కె.ఎస్. కృష్ణన్.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ల్యూమెన్ కంటి కొలత. 254 నానోమీటర్ల కిరణాలతో సూక్ష్మజీవులను చంపే దీపం ముందు లక్స్ మీటరు ఉంచితే, అది నీలి వెలుతురునే చెబుతుంది, ప్రమాదాన్ని చెప్పదు. ఆ కిరణాలను చదరపు మీటరుకు ఇన్ని వాట్లని కొలవాలి. మసకగా ఉంది కదా అని ఆ దీపాన్ని తేరిపార చూడకండి. కన్ను చూడలేని కాంతి కంటిని గాయపరచగలదు.