మన పొలం రికార్డును ఎవరు మార్చగలరు? కరణం లెక్కల నుంచి మీభూమి దాకా

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి, గుర్తుందా? మర్నాడే డీజీపీ హెలికాప్టర్‌లో వచ్చారు. కేసు సీఐడీకి వెళ్లింది. ఎవరు చేశారు, ఎందుకు అన్నది మన పని కాదు, దర్యాప్తుకు వదిలేద్దాం. కానీ ఆ వార్త వినగానే ఎవరికైనా ఒక డౌటు వస్తుంది. అంతా కంప్యూటర్లోనే ఉంది కదా, కాగితం కాలితే ఏం పోతుంది?

జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పుంగనూరు ఒకప్పుడు జమీందారీ. శిస్తు లెక్కలన్నీ ఎస్టేటు కచేరీలో ఉండేవి. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక లెక్క సర్కారు చేతికొచ్చింది. ఊళ్లో మాత్రం అది కరణం ఇంట్లోనే ఉండేది. రైతు ఆ పుస్తకాన్ని తనంతట తాను తెరిచేది లేదు. కరణాన్ని అడగాలి, ఆయన చూసి చెప్పాలి. చదవాలన్నా, రాయాలన్నా, కొట్టివేయాలన్నా ఒకే మనిషి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవుల్ని తీసేసింది. మనిషి పోయాడు సరే, పుస్తకాన్ని ఎవరు ముట్టుకోవాలి అన్న ప్రశ్న పోలేదు.

ఇదే ప్రశ్న కంప్యూటర్ వాళ్లకూ వచ్చింది. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ ఒక పేపర్ రాశాడు. డేటాను పట్టికల్లో పెడదాం, అది మెషీన్ లోపల ఎలా దాగి ఉందో వాడేవాడికి తెలియాల్సిన పని లేకుండా చేద్దాం అన్నాడు. మనం ఇప్పుడు రిలేషనల్ డేటాబేస్ అంటున్నది దాన్నే.

మన దగ్గరకు ఇది పెద్దఎత్తున వచ్చింది 1998 నవంబర్‌లో, 'కార్డ్' ప్రాజెక్టుతో. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. అంతకుముందు ఈసీ కావాలంటే గుమాస్తా ఏళ్ల నాటి ఇండెక్స్ పుస్తకాలు తిరగేయాల్సిందే. 2002లో కుప్పంలో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 'ఐ-కమ్యూనిటీ' మొదలుపెట్టి పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచాయి. జిల్లా కేంద్రం చిత్తూరు దాకా పోవాలంటే ఒక పూట బస్సులోనే గడిచిపోయే ఊరది, స్క్రీనే పల్లెకు వచ్చిందంటే చిన్న సంగతి కాదు.

అయితే స్క్రీన్లు పెరిగే కొద్దీ డేటాబేస్‌కు తలుపులు పెరుగుతాయి. అసలు డిజైన్ ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా వినండి.

పాత పద్ధతిలో ఆఫీసులో ఉన్న ప్రతి పీసీ నేరుగా డేటాబేస్‌కే కనెక్ట్ అయ్యేది. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు అప్లికేషన్ తెరవకుండా, పక్క దారిలో పోయి ఒక్క 'అప్‌డేట్' కమాండ్‌తో పట్టాదారు పేరు మార్చేయొచ్చు. అప్లికేషన్‌లో పెట్టిన తనిఖీలన్నీ దండగ. అందుకే మధ్యలో ఒక సర్వర్ పెట్టారు. పట్టిక దగ్గరకు అది మాత్రమే పోతుంది. చూసేవాళ్లకు చదివే అనుమతి మాత్రమే ఉన్న 'వ్యూ' ఇస్తారు, రాయడం కుదరదు. 2015లో వచ్చిన మీభూమిలో మనం అడంగల్, వన్-బీ చూస్తాం కదా, మన చేతికి ఇవ్వాల్సింది అలాంటి తలుపే.

రాయడానికి వేరే తలుపు. మూడెకరాల ఆసామి ఒక ఎకరం అమ్మాడనుకోండి. అమ్మినవాడి ఖాతాలో తగ్గాలి, కొన్నవాడి ఖాతాలో పెరగాలి. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. మధ్యలో కరెంటు పోతే ఎకరం గాల్లో కలిసిపోకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు.

ఇంకో చిక్కుంది. మధ్య సర్వర్ పెట్టాక డేటాబేస్‌కు కనపడేది ఒకే యూజర్, అదే ఆ సర్వర్. మార్చింది ఏ అధికారో డేటాబేస్‌కు తెలియదు. కాబట్టి ఎవరు, ఎప్పుడు, పాత విలువ ఏంటి అన్నది అప్లికేషన్ ప్రతిసారీ విడిగా రాసిపెట్టాలి. వెబ్‌ల్యాండ్ వార్తల్లో 'తహసీల్దార్ డిజిటల్ కీ' అని వింటుంటారు కదా, ఆ గొడవంతా దీని గురించే. ఆ కీ ఇంకొకరి చేతికిస్తే లాగ్‌లో పడేది తహసీల్దార్ పేరే, నొక్కిన వేలు మాత్రం వేరే.

ఇప్పుడు మదనపల్లె డౌటుకు వద్దాం. పట్టికలో ఉండేది ఈరోజు పట్టాదారు ఎవరు అన్నది. పాత విలువను విడిగా దాచే హిస్టరీ పట్టిక లేకపోతే 'అప్‌డేట్' కొట్టగానే నిన్నటి పేరు చెరిగిపోతుంది. హిస్టరీ ఉన్నా, ఆ మార్పు ఎందుకు చేశారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఏ ఆర్డర్ మీద డీకేటీ భూమి నిషేధిత జాబితాలోంచి బయటికొచ్చింది అన్నవి ఉండేది ఫైల్లో నోట్‌గా, సంతకాలతో. దాన్ని స్కాన్ చేసి ఆ రికార్డుకు జతచేసి ఉంటే మిగులుతుంది. చేయకపోతే స్క్రీన్ మీద పేరు భద్రంగానే ఉంటుంది, ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో అడిగితే చూపించడానికి కాగితం ఉండదు.

మీ సర్వే నంబర్‌కు వన్-బీ, ఈసీ రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి రెవెన్యూ వాళ్లది, ఒకటి రిజిస్ట్రేషన్ వాళ్లది. పేర్లు కలవకపోతే కామెంట్లో రాయండి. ఆ రెండు డేటాబేస్‌లు ఒకదాన్నొకటి ఎలా అడుగుతాయో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.