మగవారిలో లైంగికాసక్తి తగ్గడం

లైంగికమైన ఆలోచనలు, ఊహలు, కోరిక బాగా తగ్గిపోయి, లేదా పూర్తిగా లేకుండా పోయి, ఆ స్థితి కనీసం ఆరు నెలలు సాగి, దానివల్ల ఆ మనిషి బాధపడుతుంటే వైద్యులు దాన్ని రుగ్మతగా లెక్కిస్తారు. మానసిక వైద్యులకు ప్రామాణికమైన డీఎస్‌ఎం-5 గ్రంథం 2013లో పెట్టిన కొలత ఇది. ఇందులో బాధ అన్న షరతే కీలకం. వారానికి ఇన్నిసార్లు కలవాలన్న లెక్క వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదు. కోరిక తక్కువైనా భార్యాభర్తలిద్దరూ హాయిగా ఉంటే అక్కడ జబ్బేమీ లేనట్టే.

పేరులోనే ఉన్న చిక్కు

2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలోనూ, ఆ తర్వాత పల్నాడు జిల్లాలోనూ ఉన్న సత్తెనపల్లిలో ఈ సమస్యను ఎవరూ దాని పేరుతో పిలవరు. ‘నరాల బలహీనత’ అంటారు. ఆంధ్రదేశమంతటా ఇదే మాట. కోరిక కలగకపోవడం, కోరిక ఉన్నా అంగం స్తంభించకపోవడం, వీర్యకణాలు తక్కువై పిల్లలు పుట్టకపోవడం, ఈ మూడూ వేర్వేరు సమస్యలు. కారణాలు వేరు, మందులు వేరు. మూడింటినీ ఒకే మాటలో కట్టేయడం వల్ల మగవాడు తన బాధేమిటో తనకే స్పష్టంగా తెలియకుండా మందుల వేటలో పడతాడు. నిజానికి వీటిలో చాలావాటికి నరాలతో సంబంధమే ఉండదు.

ఊరి ప్రహరీ గోడల మీద, రైలు కట్ట పక్క షెడ్ల మీద సున్నం కొట్టి రాసే ప్రకటనలు బతుకుతున్నది ఈ మాట మీదే. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరు దొరుకుతాడని, ‘పూర్వపు పటుత్వం’ తిరిగొస్తుందని రాస్తారు. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామంటూ మందులకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా, మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు. అయినా ఆ రాతలు చెరగలేదు. ఇలాంటి మందుల పొట్లాల్లో, అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్‌ను చెప్పకుండా కలిపిన సంఘటనలు అనేక దేశాల్లో బయటపడ్డాయి. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడే మనిషి అది తెలియక మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పైగా 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్ పనిచేసేది రక్తప్రసరణ మీదే, కోరికను అది పుట్టించదు.

ఒక చుక్క వీర్యం పోతే ఎన్నో చుక్కల రక్తం పోయినట్టేనన్న నమ్మకం ఈ భయానికి తోడు. దీనివల్ల నీరసం, గుండెదడ, దిగులు పట్టుకున్న యువకుల స్థితికి మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఇది మన దేశపు మూఢత్వమని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 18వ శతాబ్దపు యూరప్‌లో టిస్సో అనే స్విస్ వైద్యుడు ఇదే భయాన్ని పుస్తకంగా రాసి ఖండమంతా వ్యాపింపజేశాడు. తెలుగునాట ఈ భయాన్ని వదిలించడానికి ఎక్కువ శ్రమపడినవారిలో విజయవాడ వైద్యుడు, నాస్తికోద్యమ నేత గోరా కుమారుడు డాక్టర్ సమరం ముందుంటారు. వారపత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు ఆయన ఏళ్ల తరబడి ఇచ్చిన సూటి జవాబులు, ఇంట్లో ఎవరినీ అడగలేని రెండు తరాల వారికి చదువు చెప్పాయి.

గ్యాస్ బిళ్ల కథ

ఆసుపత్రిలో ఈ సమస్య బయటపడే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. నలభై దాటిన మనిషి గ్యాస్ ట్రబుల్ అని వస్తాడు. చీటీ రాయించుకుని లేచి, తలుపు దాకా వెళ్లి, బయట కూర్చున్న భార్యకు వినపడకుండా వెనక్కి తిరుగుతాడు. “సార్, ఇంకో మాట. ఈ మధ్య ఇంట్లో మనసు పోవడం లేదండీ.” అసలు వచ్చింది ఆ మాట కోసమే. ఆ క్షణంలో డాక్టరు “వయసైపోయింది కదయ్యా” అని నవ్వితే ఆ మనిషి తిన్నగా లాడ్జికే పోతాడు.

నవ్వకుండా “ఏయే మందులు వాడుతున్నావయ్యా?” అని అడిగితే చాలాసార్లు దారి దొరుకుతుంది. జేబులోంచి తీసిన ఆ గ్యాస్ క్యాప్సూల్ అట్ట వెనక్కి తిప్పి చూడాలి. రాబెప్రజోల్‌తోపాటు లెవోసల్పిరైడ్ అని సన్నని అక్షరాల్లో ఉంటే, అనుమానించవలసింది దాన్నే. ఈ రెండో మందు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. తల్లికి పాలు పడేలా చేసేది అదే హార్మోన్. మగవాడిలో అది పెరిగితే టెస్టోస్టెరాన్ తగ్గి, కోరిక చల్లబడుతుంది. కొన్ని వారాలకని రాసిన క్యాప్సూల్‌ను మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటూ ఏళ్ల తరబడి మింగేవారు మన ఊళ్లలో కొల్లలు. డాంపెరిడోన్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ కూడా ప్రొలాక్టిన్‌ను పెంచేవే. బీపీకి వాడే అటెనొలాల్, దిగులుకు వాడే ఎస్సిటలోప్రామ్ వంటివి వేరే దారుల్లో కోరికను తగ్గించవచ్చు. అలాగని బీపీ బిళ్ల, దిగులు బిళ్ల సొంతంగా ఆపేస్తే ముప్పు ఇంకా పెద్దది. డాక్టరు మార్చి ఇవ్వగల మందులు ఉన్నాయి.

మందులేవీ లేకుండానే ప్రొలాక్టిన్ పెరిగి, తలనొప్పి, పక్కచూపు తగ్గడం కూడా ఉంటే పిట్యూటరీలో గడ్డ ఉందేమో స్కాన్ తీసి చూడాలి. చాలావరకు అది కేబర్‌గోలిన్ బిళ్లలతోనే కుంచించుకుపోతుంది.

షుగరు, నిద్ర, అప్పు

టైప్-2 షుగరు ఉన్న మగవారిలో దాదాపు మూడో వంతు మందికి టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటుందని అధ్యయనాలు చూపాయి. పొట్ట చుట్టూ కొవ్వు, రోజూ తాగుడు, థైరాయిడ్ లోపం, కిడ్నీ జబ్బు, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, గవదబిళ్లలు వృషణాలకు పాకడం, ఇవన్నీ కారణాలే. 2011లో అమెరికాలో చేసిన ఒక చిన్న పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న పదిమంది యువకులు వారం రోజులపాటు రాత్రికి ఐదు గంటలే పడుకుంటే, పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. మిరప కోతలప్పుడు కల్లంలో కాయల కాపలాకు మంచం వేసుకుని, కుక్క మొరిగినప్పుడల్లా లేచి కూర్చునే రైతుకు ఆ ఐదు గంటలైనా దక్కవు. ధర పడిపోయిన ఏడు కౌలు, వడ్డీ లెక్కలు తల్లో తిరుగుతుంటే శరీరం ముందుగా వదిలేసేది కోరికనే. ఏ సంతోషమూ రుచించకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం కూడా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితంగా తెలుగులోనే మాట్లాడుతుంది.

పురుగు మందుల గురించి అడిగేవాళ్లు చాలామంది. ఆంధ్రప్రదేశ్ పత్తి చేలల్లో మందు కొట్టే మగవారి కుటుంబాల మీద 1991లో వెలువడిన అధ్యయనంలో సంతానలేమి, గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయి. అది సంతానానికి సంబంధించిన సంగతి, కోరికకు నేరుగా ముడిపెట్టడం సరికాదు. మాస్కు, చేతితొడుగులు వాడడానికి మాత్రం అదొక్కటే చాలినంత కారణం.

వేసెక్టమీ మీద పడిన నింద

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటే ‘మగతనం పోతుంద’న్న మాట పల్నాట్లో ఇంకా గట్టిగానే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. వేసెక్టమీ వాటా ఒక్క శాతం కూడా లేదు. వేసెక్టమీలో కత్తిరించేది వీర్యకణాలు నడిచే గొట్టాన్నే. టెస్టోస్టెరాన్ ఆ గొట్టంలోంచి పోదు, వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. కాబట్టి కోరికా తగ్గదు, పటుత్వమూ తగ్గదు. మగవాడి భయం బరువు ఇన్నేళ్లుగా ఆడవాళ్ల పొట్ట మీద కోతగా పడుతోంది.

పరీక్ష, వైద్యం

టెస్టోస్టెరాన్ పరీక్షకు రక్తం ఉదయం ఏడు, పది గంటల మధ్య, పరగడుపున ఇవ్వాలి. పొలం పని చూసుకుని సాయంత్రం ఇస్తే అంకె సహజంగానే తక్కువ చూపి, లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే మరోరోజు ఉదయం మళ్లీ చేయించాలి. రెండుసార్లూ తక్కువైతేనే లోపం అంటారు. దీంతోపాటు ప్రొలాక్టిన్, థైరాయిడ్, షుగరు చూస్తారు. రక్తం తీయడం సత్తెనపల్లిలోనే అవుతుంది. హార్మోన్ల నిపుణుడికి చూపించాల్సి వస్తే గుంటూరు దాకా వెళ్లాలి.

లోపం తేలితే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు, జెల్ ఉన్నాయి. పిల్లలు కావాలనుకునేవారు మాత్రం వాటి జోలికి పోకూడదు. బయటి నుంచి హార్మోన్ అందితే వృషణాలు తమ పని మానుకుని, వీర్యకణాలు దాదాపు శూన్యమవుతాయి. జిమ్‌లో కండల కోసం స్టెరాయిడ్లు పొడిపించుకునే కుర్రాళ్లకు జరిగేదీ ఇదే. టెస్టోస్టెరాన్ వాడేవారికి రక్తం చిక్కబడుతోందా, ప్రోస్టేట్ పెరుగుతోందా అని తరచూ పరీక్షలు తప్పవు.

హార్మోన్లన్నీ సరిగ్గా ఉన్నచోట మాట్లాడాల్సింది ఇద్దరితోనూ. మొగుడు దూరం జరిగితే భార్య తన రంగునో, ఒళ్లునో తప్పు పట్టుకుంటుంది, లేదా ఇంకెవరో ఉన్నారనుకుంటుంది. ఆయన సిగ్గుతో నోరు విప్పడు. ‘ఏవండీ, ఏమైంది’ అని అడగడమే గొడవగా మారిన ఇళ్లలో, ఇద్దరినీ కూర్చోబెట్టి ఇది ఒంటి సంగతని చెబితే ఆమె ముఖంలో ముందు కనిపించేది ఊరట. ఆ తలుపు దగ్గర ఆగిన మనిషి సంగతికొస్తే, క్యాప్సూల్ మార్చిన కొద్ది వారాల్లో ప్రొలాక్టిన్ సాధారణంగా దిగివస్తుంది, చాలామందికి దానివెంటే కోరికా తిరిగొస్తుంది.