వర్లీ నుంచి వాంగణీ దాకా

ముంబయిలో ఇవాళ వర్లీ అంటే సముద్రం కనిపించే అపార్టుమెంట్లు, కోట్లలో ధరలు. వందేళ్ల కిందట అదే వర్లీలో సర్కారు కట్టిన గదులు అడిగే నాథుడు లేక పడి ఉండేవి. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అని ఒక శాఖ పెట్టారు. ఊళ్లోకి వచ్చే పత్తి మీద బేలుకు రూపాయి చొప్పున సుంకం వేసి, ఆ ఆదాయం ఆసరాతో కూలీనాలీ జనానికి 50,000 గదులు కట్టాలని సంకల్పం. చివరికి కట్టింది అందులో మూడో వంతు. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్డీలో 12, మొత్తం 207 చాళ్లు, అంటే వరుస గదుల కట్టడాలు. ఒక్కో చాళ్‌లో 80 గదులు, గది 160 చదరపు అడుగులు. చీకటి గదిలో ఎనిమిదేసి మంది పడుకునే గిర్నీ (బట్టల మిల్లు) పేటలతో పోలిస్తే ఇవి గాలీ వెలుతురూ ఉన్న కొంపలే. అయినా కార్మికుడు రాలేదు. వర్లీ చాళ్లు ఏళ్ల తరబడి చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, 1930లో, జైళ్లు చాలక సత్యాగ్రహులను తెచ్చి అక్కడ పెట్టారు. కాపురానికి ఎవరూ రాని ఇళ్లు అలా ఖైదుకు పనికొచ్చాయి.

కార్మికులు రాకపోవడానికి అద్దె ఒక కారణం, దగ్గర్లో బజారు లేకపోవడం ఇంకొకటి. అసలు కారణం దూరం. ఆ దూరం ఎంతో తెలుసా? పరేల్, లాల్‌బాగ్ మిల్లుల నుంచి రెండు మూడు కిలోమీటర్లు. దాదాపు వందేళ్ల తర్వాత అదే మిల్లుల కార్మికుల వారసులకు ప్రభుత్వం ఇళ్లు చూపించింది శేలూ, వాంగణీ అనే ఊళ్లలో. నగరానికి ఎంతో దూరాన, బద్లాపూర్ దాటాక, నేరల్ రాకముందు వచ్చే స్టేషన్లు అవి. ఈ రెండు దూరాల మధ్య ముంబయి చరిత్ర చాలానే ఉంది. నగరానికి దూరంగా ఉండే చవక ఇంటిని మనం స్థలం ధర, ఇటుక ధర, బ్యాంకు వడ్డీ లెక్కల్లో చూస్తాం. ఆ చరిత్ర మాత్రం వేరే లెక్క చెబుతోంది. ‘అందుబాటు ధర’ అనేది ఇంటికి ఉండే గుణం కాదు. అంత దూరం నా వల్ల కాదని చెప్పే సత్తువ కొనేవాడిలో ఎంత మిగిలిందో చెప్పే కొలత అది.

ముందుగా, వర్లీని కాదన్నవాడు తిక్కలవాడు కాడు. మిల్లు పని అప్పట్లో నెల జీతం ఖాయంగా వచ్చే కొలువు కాదు. చాలామంది బద్లీలు, అంటే రానివాళ్ల బదులు పనిచేసేవాళ్లు. తెల్లవారుజామున గిర్నీ గేటు దగ్గర నిలబడితే, ఆ రోజు ఎవరు రాలేదో చూసి, కూలీలను ఎంచుకునే మేస్త్రీ, జాబర్, వేలు చూపిస్తే పని. లేదంటే పస్తు. గేటుకు దూరంగా ఉన్నవాడికి ఆ వేలు కనబడదు. జాబర్ ఉండే వీధిలోనే ఉండాలి, అతని మాట వినాలి, అప్పిచ్చే కిరాణా కొట్టువాడికి ముఖం గుర్తుండాలి. పెళ్లాం పిల్లలను ఊళ్లో వదిలి వచ్చినవాడికి నెలసరి లెక్కన అన్నం పెట్టే ఖానావళి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. తెలంగాణ మగ్గాలు కుదేలయ్యాక బొంబాయి బండెక్కిన పద్మశాలీలూ ఇలాగే మిల్లుల చుట్టూ, తమవాళ్లున్న గదులు వెతుక్కునే దిగారు. అంతకు ఎంతో ముందే ఆ ఊరి కట్టడాలకు రాళ్లు మోసిన తెలుగు కూలీల పేరు మీద కామాఠీపురా వెలిసింది. గది అంటే వాళ్లకు నాలుగు గోడలు కాదు. పని, అప్పు, తిండి, పూచీ అన్నీ ఒకే ముడి. రెండు కిలోమీటర్లు జరిగితే ఆ ముడి ఊడిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. బద్లీ కూలీ దగ్గర సత్తువ ఎక్కడిది, కాదనడం అతని బలం కాదు, గతిలేనితనం కదా అని. సగం నిజం. కానీ మిల్లులకు కూడా వాళ్లు గేటు దగ్గర ఉండటం అవసరం. ఒకే పేటలో కలిసి బతికే లక్షమందికి పైగా మనుషులు 1928లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆరు నెలలు మిల్లులన్నీ మూయించగలిగారు. ఇరుకు గదులే అంత సమ్మెను నిలబెట్టాయి. కబురు పాకడానికి, చందా పోగవడానికి, ఇంకో పూట అప్పు పుట్టడానికి ఆ ఇరుకే దారి. అలా బేరమాడే బలాన్ని చెదరగొట్టే ఇల్లు ఎంత చవకైనా వాళ్లకు ఖరీదే.

మరి దూరం వెళ్లినవాళ్లు ఎవరు? గుమాస్తాలు. 1896లో ప్లేగు పడి జనం ఊరు వదిలి పారిపోయాక, 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. అది ఇరుకు పేటలను పడగొట్టి, ఉత్తరాన దాదర్, మాటుంగా ప్రాంతాల్లో కొత్త బస్తీలకు గీతలు గీసింది. అక్కడ ముందు రోడ్లు, మురుగు కాలువలు, తోటలు వచ్చాయి. మనుషులు తర్వాత వచ్చారు. మాటుంగాలో దక్షిణాది ఉద్యోగులు, దాదర్‌లో మరాఠీ మధ్యతరగతి స్థిరపడ్డారు. వాళ్లకు పది గంటలకు ఆఫీసు, ఒకటో తారీఖున జీతం. ఎవరి వేలి కోసమూ గేటు దగ్గర నిలబడక్కర్లేదు. దూరాన్ని భరించగలిగే కొలువు అది. ఇల్లూ ఆఫీసూ విడిపోయాయనడానికి దస్తావేజుల కన్నా మంచి సాక్ష్యం, ఇంటి వంటను ఆఫీసుకు చేరవేసే డబ్బావాలా. 1890 ప్రాంతంలో మొదలైన ఆ వృత్తికి అర్థం ఒక్కటే: మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి తినలేనంత దూరంలో ఉంటున్నవాడు, ఇంటి వంటే కావాలనేంత స్థిరమైన జీతం ఉన్నవాడు ఊళ్లో తగినంతమంది తయారయ్యారు. కార్మికుడికి ఖానావళి, గుమాస్తాకు డబ్బా. ఆ తేడాలోనే రెండు రకాల కాపురాలు కనిపిస్తాయి.

దూరపు ఇళ్లను రైలు పుట్టించిందని సాధారణంగా చెబుతారు. బోరీబందర్ నుంచి ఠాణేకు 1853 ఏప్రిల్ 16న నడిచిన మొదటి బండితో ఆ కథ మొదలుపెడతారు. అలాగైతే విరార్ సంగతేమిటి? అక్కడి నుంచి బొంబాయికి 1867లోనే రోజూ ఒక బండి నడిచింది. ఆ తర్వాత దాదాపు వందేళ్లు విరార్, వసయి చుట్టుపక్కల అరటి తోటలే, పల్లెలే. కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్, కుర్లాల మధ్య మొదలై, 1928లో బోరివలికి, 1929లో కళ్యాణ్‌కు, 1936లో విరార్‌కు చేరింది. బండ్లు పెరిగాయి, వేగం పెరిగింది, పట్టాల వెంట బాంద్రా, విలేపార్లే వంటి ఊళ్లు నిండాయి. దూరాన ఉన్న విరార్ మాత్రం అప్పుడూ నిండలేదు. పట్టాలు ఉన్నంత మాత్రాన మనుషులు కదలరు. ఊళ్లో నిలబడే చోటు పోయినప్పుడే కదులుతారు.

ఆ చోటు పోవడం 1947 అద్దె చట్టంతో మొదలైందని నా లెక్క. యుద్ధకాలపు ధరల నుంచి అద్దెదారులను కాపాడటానికి 1940 సెప్టెంబరు నాటి అద్దెల దగ్గర మేకు కొట్టారు. అప్పటికే గదిలో ఉన్నవాడికి అది వరం. దశాబ్దాలు గడిచినా అద్దె పెరగలేదు గనుక అద్దెకిద్దామని కొత్తగా ఇల్లు కట్టేవాడు లేకుండా పోయాడు, ఉన్న గదులు పగిడీ (అద్దె హక్కు కోసం ముందే ఇచ్చే సొమ్ము) కింద చేతులు మారాయి. అందువల్ల ముంబయిలో దూరానికి వెళ్లింది కొత్తగా వచ్చినవాడే కాదు, అక్కడే పుట్టినవాడు కూడా. చాళ్‌లో గది పెద్దకొడుక్కి దక్కితే, పెళ్లయిన చిన్నకొడుకు డోంబివలీ వెళ్లాడు. సెంట్రల్ లైన్‌లో 48వ కిలోమీటరు దగ్గర అది మరాఠీ గుమాస్తాల ఊరైంది. కుటుంబం చీలడం, నగరం జరగడం ఒకే పెళ్లి ఖర్చులో అయిపోయాయి.

ఆ తర్వాత లెక్కల్ని సెన్సస్ చెప్పేస్తుంది. 2001లో 33 లక్షలకు పైగా ఉన్న ముంబయి ద్వీప నగర జనాభా 2011 నాటికి 31 లక్షల లోపుకు పడిపోయింది. అదే పదేళ్లలో ఠాణే జిల్లా 81 లక్షల నుంచి కోటి పది లక్షలకు పెరిగి, దేశంలోనే అత్యధిక జనాభా ఉన్న జిల్లా అయింది. వసయి-విరార్‌లో 12 లక్షలు, కళ్యాణ్-డోంబివలీలో మరో 12 లక్షలు. మాటుంగాకూ, వసయి-విరార్‌లో భాగమైన నాలాసోపారాకూ తేడా ఇక్కడే ఉంది. మొదటిదానికి డ్రైనేజీ ముందు వచ్చింది. రెండోదానిలో బిల్డింగులు ముందు లేచాయి, నీళ్ల ట్యాంకర్లు తర్వాత వచ్చాయి; వసయి-విరార్ పట్టణాలన్నీ కలిపి ఒక నగరపాలక సంస్థ కావడానికి 2009 దాకా పట్టింది. చవక అని మనం అంటున్న దాంట్లో ఆ రాని నీళ్లు, వేయని కాలువలు కూడా కలిసే ఉన్నాయి.

ఇళ్లు బిల్డర్లు కట్టారు, జనం కొన్నారు, మధ్యలో ఎవరి నిర్ణయమూ లేదు అనేవారికి 2014 జూన్ గుర్తుచేయాలి. లోకల్ రైలు నెల పాసు ధర దాదాపు 15 ఒంటి ప్రయాణాల ఛార్జీకి సమానంగా ఉండేది. కేంద్రంలోని కొత్త ప్రభుత్వం దాన్ని 30 ప్రయాణాల లెక్కకు మార్చబోయింది. పాసు ధర ఒక్కసారిగా రెట్టింపు. ముంబయి అట్టుడికింది, అధికార కూటమి ఎంపీలే ఢిల్లీకి పరుగెత్తారు, నాలుగైదు రోజుల్లోనే పాత లెక్క తిరిగొచ్చింది. అది టికెట్ గొడవగా పత్రికల్లో వచ్చింది గానీ, నిజానికి ఇళ్ల గొడవ. బద్లాపూర్‌లో, విరార్‌లో లక్షల కుటుంబాల ఇంటి బడ్జెట్ ఆ పాసు మీద నిలబడి ఉంది. పాసు రెట్టింపైతే ఇంటి వాయిదా అంతే ఉన్నా ఇల్లు ఖరీదైపోతుంది. ఆ ఇళ్ల గోడల్లో కొన్ని రైల్వే ఖజానా ఎత్తినవి.

బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. పదడుగుల ఖోలీ (గది)లో, వరుసలో నిలబడే ఉమ్మడి మరుగుదొడ్డితో బతికిన కుటుంబానికి నాలాసోపారాలో వన్ రూమ్ కిచెన్, తన పేరు మీద తాళంచెవి, ఇంట్లోనే బాత్రూమ్. ఆడపిల్లకు తలుపు వేసుకునే గది. దీన్ని బలహీనత అనడం నగరం నడిబొడ్డున ఇల్లున్నవాడి అహంకారం కాదా? ఆ లాభం నిజం, దాన్ని చిన్నచేయడం నా ఉద్దేశం కాదు. నేనడిగేది, దాని ధర ఎవరి చేతి నుంచి పోయిందని. చర్చ్‌గేట్ నుంచి విరార్‌కు 60 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి మూడు గంటలు మామూలు. మగవాడి మూడు గంటలు అతని నిద్రలోంచి, పిల్లలతో గడిపే సమయంలోంచి పోతాయి. ఉద్యోగం చేసే ఆడదానికి పొయ్యి దగ్గరి రెండు గంటలు ఎటూ తప్పవు గనుక ఈ మూడూ వాటి మీద పడతాయి. 1992 మే 5న పడమటి లైన్‌లో మహిళలకే ప్రత్యేకంగా మొదలైన లోకల్‌లో తోటకూర తుంచుతూ, బఠాణీలు ఒలుస్తూ ఇంటికి వెళ్లే ఆడవాళ్ల ఫొటోలు పత్రికలు ముచ్చటగా వేస్తాయి. ముచ్చట ఏముంది అందులో? వంటగది రైలెక్కింది, అంతే. దూరపు ఇంటి లెక్క వేసేటప్పుడు ఆ తోటకూర ఏ బ్యాంకు పత్రంలోనూ ఎక్కదు. పట్టాల మీద పోయే ప్రాణాలూ ఎక్కవు. ముంబయి లోకల్ లైన్లలో పట్టాలు దాటుతూ, బండ్లలోంచి జారిపడుతూ 2010ల్లో ఏడాదికి రెండు మూడు వేల మంది చనిపోయారు.

ఇక మిల్లుల సంగతి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది దిగారు. దాన్ని విరమిస్తున్నామని ఎవరూ చెప్పలేదు. మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఎందరో పద్మశాలీలు అప్పుడు మరమగ్గాల భివండీ దారి పట్టారు. నగరం మధ్యలో ఖాళీ అయిన సుమారు 600 ఎకరాల మిల్లు భూమి మిగిలింది. 1991 నిబంధన ప్రకారం ఆ భూమిలో మూడో వంతు నగరపాలక సంస్థకు, మూడో వంతు ఇళ్ల బోర్డుకు, మిగతాది యజమానికి. 2001లో ఆ లెక్కను భవనాలు లేని ఖాళీ జాగాకే కుదించారు. పంచాల్సింది చటుక్కున తరిగిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును నిలబెట్టింది. ఇళ్ల కోసం వచ్చిన, లక్షా డెబ్భై వేలు దాటిన కార్మిక కుటుంబాల దరఖాస్తుల్లో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే ముంబయిలో ఇళ్లు అందాయి. భూమి లేదు గనుక దూరం వెళ్లక తప్పదన్న మాట అబద్ధమని ఆ 600 ఎకరాలే చెబుతాయి. భూమి ఉన్నప్పుడు అడగగలిగినవాళ్లకు గేటు లేదు, గేటు ముందు గుంపు లేదు.

2024లో ప్రభుత్వం శేలూ, వాంగణీలలో 81,000 ఇళ్లు ఇస్తామంది. 2025 జూన్ 9 ఉదయం ముంబ్రా దగ్గర, కర్జత్ వైపు నుంచి వస్తున్న లోకల్, కసారా వెళ్తున్న లోకల్ మలుపులో ఒకదాని పక్కగా ఒకటి పోతుండగా తలుపుల దగ్గర వేలాడుతున్నవారు కింద పడి పలువురు చనిపోయారు. వాంగణీ ఉన్నది ఆ కర్జత్ లైన్‌లోనే. సరిగ్గా నెల తిరిగేసరికి, జూలైలో, మిల్లు కార్మికులూ వారి వారసులూ ఆజాద్ మైదానంలో చేరి, మా ఇల్లు ముంబయిలోనే కావాలన్నారు. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి డెబ్భై ఏళ్లు దాటాయి.