లగ్జరీ కార్లలో స్టీరియో, సబ్‌వూఫర్ బిగింపు

కారుతో పాటు తయారీదారు ఇచ్చిన ధ్వని వ్యవస్థను తొలగించి గాని, దానిని అలాగే ఉంచి గాని, బయటి సంస్థల స్టీరియో, ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ వంటి పరికరాలను అమర్చడాన్ని ఆఫ్టర్‌మార్కెట్ ఆడియో బిగింపు అంటారు. సాధారణ కార్లలో ఇది ఒక పూట పని. బీఎమ్‌డబ్ల్యూ, మెర్సిడెస్-బెంజ్, ఆడి, లెక్సస్ వంటి ఖరీదైన కార్లలో మాత్రం రేడియో అనేది విడి పరికరం కాదు. అది కారులోని కంప్యూటర్లతో నిరంతరం సమాచారం ఇచ్చిపుచ్చుకునే వలయంలో ఒక భాగం. దానిని ఊడదీస్తే పాటలే కాక, సీటు బెల్టు హెచ్చరిక, వెనుక కెమెరా దృశ్యం, పార్కింగ్ సెన్సారు శబ్దం కూడా మూగబోయే అవకాశం ఉంది. కనుక ఈ కార్లలో బిగింపు పద్ధతి మిగతా కార్ల కంటే చాలా భిన్నంగా ఉంటుంది.

చరిత్ర

కారులో రేడియో పెట్టుకోవడం మొదట్లో ఆఫ్టర్‌మార్కెట్ వ్యవహారంగానే ఆరంభమైంది. అమెరికాలో పాల్ గాల్విన్ సంస్థ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను విడుదల చేసింది. తరువాత ఆ సంస్థకే ఆ పేరు స్థిరపడింది. జర్మనీలో బ్లౌపుంక్ట్ 1932లో ఏఎస్5 అనే రేడియోను తయారుచేసింది. దాని బరువు సుమారు 15 కిలోలు. క్రైస్లర్ సంస్థ 1956 మోడలు కార్లలో గ్రామఫోను రికార్డులు వాయించే పరికరాన్ని సైతం అమర్చింది గాని, గతుకుల రోడ్లపై సూది నిలవక అది జనాదరణ పొందలేదు.

1970, 80 దశకాలలో కార్లలో క్యాసెట్ ప్లేయర్లు వ్యాపించాయి. ఈ దశలో రేడియో బిగించే గూటికి ఒక ప్రామాణిక కొలత ఏర్పడడం బయటి తయారీదారులకు బాగా కలిసివచ్చింది. డిన్ అనే జర్మనీ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఈ కొలత ప్రకారం గూడు వెడల్పు సుమారు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. ఇదే తరువాత ఐఎస్‌ఓ 7736 ప్రమాణమైంది. దీనికి రెట్టింపు ఎత్తు గల గూటిని డబుల్ డిన్ అంటారు. ఈ కొలత పాటించిన కారులో ఏ సంస్థ రేడియో అయినా సరిపోతుంది.

లగ్జరీ కార్ల తయారీదారులు ఈ దారి నుండి క్రమంగా తప్పుకున్నారు. 1983 మోడలు సంవత్సరంలో బోస్ సంస్థ జనరల్ మోటార్స్ కోసం క్యాడిలాక్ సెవిల్ వంటి కార్లకు, ఆయా కార్ల లోపలి ఆకృతిని బట్టి రూపొందించిన ధ్వని వ్యవస్థను అందించింది. లెక్సస్ ఎల్ఎస్ 430లో మార్క్ లెవిన్సన్ వ్యవస్థ కూడా ఇటువంటిదే. ఇటువంటి వ్యవస్థలలో ఒక్కొక్క స్పీకరుకు ఆంప్లిఫయరులో వేరువేరు దిద్దుబాట్లు ఉంటాయి. స్పీకర్ల నిరోధం కూడా సాధారణమైన 4 ఓములకు బదులు 2 ఓములు, కొన్నిట అంతకంటే తక్కువ ఉంటుంది. అందువలన ఇందులో ఒక భాగాన్ని మాత్రం మార్చి తక్కినవి ఉంచడం తరచుగా వికటిస్తుంది.

కారు లోపలి సమాచార వలయం

బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ బస్ విధానంలో కారులోని నియంత్రణ పరికరాలన్నీ రెండు తీగల మీదుగా సందేశాలు పంపుకుంటాయి. పాత కార్లలో తాళంచెవి తిప్పగానే రేడియోకు 12 వోల్టులు అందించే ప్రత్యేక తీగ ఒకటి ఉండేది. క్యాన్ ఉన్న అనేక కార్లలో ఆ తీగ ఉండదు. తాళంచెవి స్థితి రేడియోకు సందేశ రూపంలో చేరుతుంది. స్టీరింగు మీది మీటలు, వెనుక గేరు, దీపాల వెలుతురు తగ్గింపు అన్నీ అంతే. కొత్త స్టీరియోకు ఈ భాష తెలియదు గనుక, మధ్యలో ఒక అనువాద పరికరం పెట్టవలసి ఉంటుంది.

ధ్వని సంకేతాల విషయంలో మరొక చిక్కు ఉంది. బీఎమ్‌డబ్ల్యూ, డైమ్లర్ తదితర సంస్థలు 1998లో కలిసి మోస్ట్ అనే విధానం కోసం ఒక సహకార సంఘాన్ని ఏర్పరచాయి. 2001లో వచ్చిన ఈ65 తరం బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్‌లో దీనిని తొలిసారిగా వాడారు. ఇందులో పాట తీగలో విద్యుత్తుగా కాక, ప్లాస్టిక్ దృశా తంతువులో ఎర్రని కాంతిగా ప్రయాణిస్తుంది. పరికరాలన్నీ ఒక వలయంగా, ఒకదాని నుండి మరొకదానికి కాంతి చేరేలా అమరి ఉంటాయి. వలయంలో ఒక్క పరికరాన్ని తీసివేసినా కాంతి ఆగిపోతుంది, మొత్తం వ్యవస్థ నిశ్శబ్దమవుతుంది. అటువంటప్పుడు తీసిన పరికరం స్థానంలో రెండు తంతువులను కలిపే చిన్న లూపు ప్లగ్గును పెడతారు. ఈ తంతువును సుమారు 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే తక్కువగా వంచరాదు. అలా వంచితే కాంతి బయటకు చెదిరి సంకేతం క్షీణిస్తుంది. సీటు కింద మడతపడిన తంతువు వలన నెలల తరువాత వ్యవస్థ అప్పుడప్పుడు ఆగిపోతుంటే లోపం కనిపెట్టడం మహా కష్టం.

కొత్తగా వచ్చిన కార్లు కొన్నింటిలో మోస్ట్ స్థానాన్ని ఈథర్నెట్, ఏ2బీ వంటి తీగ విధానాలు ఆక్రమించాయి. విధానం మారినా, అసలు పరికరాన్ని గుర్తించని వలయం పనిచేయదనే ఇబ్బంది మారలేదు.

అసలు స్టీరియోను ఉంచి చేసే బిగింపు

పై కారణాల వలన లగ్జరీ కార్లలో చాలామంది నిపుణులు తెరను, స్టీరియోను కదిలించకుండా, దాని నుండి వెలువడే సంకేతాన్ని తీసుకొని కొత్త ఆంప్లిఫయర్లకు అందిస్తారు. రూపం చెడదు, హెచ్చరిక శబ్దాలు పోవు, కారు అమ్మేటప్పుడు విలువ తగ్గదు. ఒక్క సబ్‌వూఫర్ మాత్రమే కావాలనుకునేవారికి ఇదే ఉత్తమ మార్గమని చెప్పవచ్చు.

సంకేతాన్ని తీసుకునే చోటు ముఖ్యమైనది. అసలు ఆంప్లిఫయర్ నుండి స్పీకర్లకు పోయే తీగలను చీల్చి, లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ అనే పరికరం ద్వారా వోల్టేజిని తగ్గించి వాడడం చవకైన పద్ధతి. కాని ఆ సంకేతం శుద్ధమైనది కాదు. కార్ల తయారీదారులు చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా, శబ్దం పెంచేకొద్దీ బాస్‌ను తగ్గించే ఏర్పాటు చేస్తారు. అటువంటి సంకేతాన్ని సబ్‌వూఫర్‌కు ఇస్తే తక్కువ శబ్దంలో గంభీరంగా, ఎక్కువ శబ్దంలో పేలవంగా వినిపిస్తుంది. పైగా ముందు తలుపులో పైస్పీకరుకు ఒక తీగ, సీటు కింద వూఫరుకు మరొక తీగ ఉండి, పౌనఃపున్యాలు ముందే విభజింపబడి ఉంటాయి. బీఎమ్‌డబ్ల్యూ ఈ90, ఈ60 తరాలలో ముందు సీట్ల కింద వూఫర్లు ఉన్నందున బాస్ సంకేతం కావలసినవారు ఆ తీగలనే వెదుకుతారు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ వాడితే ఈ ముక్కలను మళ్ళీ కలిపి, తయారీదారు చేసిన దిద్దుబాట్లను చాలావరకు సరిచేయవచ్చు. మోస్ట్ వలయం నుండి నేరుగా డిజిటల్ సంకేతాన్ని గ్రహించే పరికరాలు కూడా ఉన్నాయి. ఇవి ఖరీదైనవి, కారు మోడలును బట్టి మారతాయి.

కొన్ని కార్లలో ఇంజను హోరును అణచడానికి స్పీకర్ల ద్వారా వ్యతిరేక ధ్వనిని పంపుతారు. పెద్ద సబ్‌వూఫర్ చేర్చిన తరువాత ఈ ఏర్పాటు లెక్క తప్పి, గుయ్యిమనే మోతను తానే పుట్టించవచ్చు. కారణం తెలియక సబ్‌వూఫర్‌నే మార్చేవారున్నారు.

సబ్‌వూఫర్, పెట్టె

సుమారు 20 నుండి 80 హెర్ట్జ్‌ల వరకు గల మంద్ర ధ్వనులను పలికించే పెద్ద స్పీకరును సబ్‌వూఫర్ అంటారు. 40 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు 8.6 మీటర్లు. కారు లోపలి పొడవు అంతకంటే చాలా తక్కువ. లోపలి పొడవు 2.7 మీటర్లు అనుకుంటే, సుమారు 63 హెర్ట్జ్‌ల కంటే తక్కువ పౌనఃపున్యాల వద్ద ధ్వని తరంగంగా కాక, గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులుగా వ్యవహరిస్తుంది. అప్పుడు పౌనఃపున్యం సగమయ్యేకొద్దీ సిద్ధాంతరీత్యా 12 డెసిబెల్‌ల చొప్పున లాభం కలుగుతుంది. దీనిని క్యాబిన్ గెయిన్ అంటారు. ఇంట్లో సాధ్యం కాని లోతైన బాస్ కారులో చిన్న స్పీకరుతోనే వినిపించడానికి ఇదే కారణం. కిటికీలు దించితే ఈ లాభం చాలావరకు పోతుంది.

స్పీకరును పెట్టెలో బిగించకపోతే ముందువైపు ధ్వని, వెనుకవైపు ధ్వని ఒకదానినొకటి హరించుకుంటాయి. ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో లెక్కించే పద్ధతికి ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ పునాదులు వేశారు. గాలి చొరబడని మూసిన పెట్టె చిన్నదిగా ఉంటుంది, ధ్వని బిగువుగా ఉంటుంది. 12 అంగుళాల స్పీకరుకు సాధారణంగా 25 నుండి 35 లీటర్ల పెట్టె సరిపోతుంది. గొట్టం గల పెట్టె అదే విద్యుచ్ఛక్తికి ఎక్కువ శబ్దాన్ని ఇస్తుంది గాని డిక్కీలో ఎక్కువ చోటు తీసుకుంటుంది. క్యాబిన్ గెయిన్‌ను బట్టి చూస్తే సంగీతం వినడానికి మూసిన పెట్టెయే మేలు.

సెడాన్ కార్లలో డిక్కీకి, ప్రయాణికులు కూర్చునే చోటుకు మధ్య రేకు గోడ, మందమైన సీటు అడ్డుగా ఉంటాయి. నిశ్శబ్దం కోసమే కట్టిన లగ్జరీ కారులో ఆ అడ్డు మరింత గట్టిది. ధ్వని లోపలికి రావడానికి వెనుక సీటు మధ్యలో స్కీలు పెట్టుకునే సందు ఉంటే పెట్టె ముఖాన్ని దానికి ఆనించి, చుట్టూ ఫోముతో మూస్తారు. దారి లేనప్పుడు డిక్కీ మూత, నంబరు ప్లేటు గడగడలాడతాయి తప్ప లోపల బాస్ వినిపించదు. పెట్టెను బోల్టులతో కారు బాడీకి బిగించడం తప్పనిసరి. పాతిక కిలోల పెట్టె ప్రమాద సమయంలో సీటును బద్దలుకొట్టుకొని ముందుకు రాగలదు.

విద్యుత్ సరఫరా

పరికరం మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన 1500 వాట్లు, 2000 వాట్లు వంటి అంకెలకు విలువ ఇవ్వనవసరం లేదు. నిరంతరం ఇవ్వగల ఆర్ఎమ్ఎస్ శక్తినే లెక్కలోకి తీసుకోవాలి. 500 వాట్లు ఇచ్చే డి తరగతి ఆంప్లిఫయర్ దక్షత 80 శాతం అనుకుంటే బ్యాటరీ నుండి 625 వాట్లు తీసుకుంటుంది. 13.8 వోల్టుల వద్ద ఇది సుమారు 45 ఆంపియర్లు. అంత ప్రవాహాన్ని 8 గేజి రాగి తీగలో 5 మీటర్లు తీసుకుపోతే దాదాపు అర వోల్టు నష్టమవుతుంది. 4 గేజి తీగలో నష్టం 0.2 వోల్టు లోపే. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక తీగలకు నిరోధం ఎక్కువ. వాటిని వాడవలసివస్తే మరింత లావు తీగను ఎంచుకోవాలి.

బ్యాటరీ ధన ధ్రువం నుండి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు ఉండాలి. ఈ ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడడానికని చాలామంది భావిస్తారు. నిజానికి అది కాపాడేది తీగను. తీగ ఎక్కడైనా ఒరుసుకొని కారు బాడీకి తగిలితే వందల ఆంపియర్లు ప్రవహించి తొడుగు అంటుకుంటుంది. ఫ్యూజుకు, బ్యాటరీకి మధ్య ఉన్న తీగకు రక్షణ లేదు గనుక దానిని వీలైనంత పొట్టిగా ఉంచుతారు.

బీఎమ్‌డబ్ల్యూ వంటి అనేక కార్లలో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. తీగ పొడవు తగ్గడం దీనివల్ల కలిగే సౌకర్యం. అయితే ఋణ ధ్రువం మీద బ్యాటరీ నుండి వచ్చే పోయే ప్రవాహాన్ని కొలిచే సెన్సారు ఉంటుంది. ఆంప్లిఫయర్ ఎర్తు తీగను నేరుగా ఋణ ధ్రువానికి కలిపితే ఆ ప్రవాహం సెన్సారు లెక్కలోకి రాదు. కారు కంప్యూటరు బ్యాటరీ స్థితిని తప్పుగా అంచనా వేస్తుంది. కాబట్టి రంగు గీకి తేల్చిన బాడీ లోహానికి, లేదా తయారీదారు ఇచ్చిన ఎర్తు బోల్టుకు మాత్రమే కలపాలి. రంగు మీదనే బిగించిన వదులు ఎర్తు వలన ఇంజను వేగంతో పాటు హెచ్చుతగ్గులయ్యే ఈలవంటి మోత వినిపిస్తుంది.

కారును తాళం వేసి వదిలిన కొద్దిసేపటికి లోపలి కంప్యూటర్లన్నీ నిద్రావస్థకు చేరి, మొత్తం వాడకం సుమారు 50 మిల్లీఆంపియర్ల లోపుకు తగ్గాలి. సరిగా అమరని అనువాద పరికరం సందేశాలు పంపుతూ ఉంటే వలయం మేలుకొనే ఉంటుంది. అప్పుడు 3 ఆంపియర్ల వాడకం ఉన్నా 80 ఆంపియర్-అవర్ బ్యాటరీ దాదాపు 27 గంటలలో ఖాళీ అవుతుంది. బిగింపు పూర్తయిన తరువాత క్లాంప్ మీటరుతో ఈ వాడకాన్ని కొలిచి చూడనిదే కారును యజమానికి అప్పగించరాదు.

బిగింపులో జాగ్రత్తలు

ఎయిర్‌బ్యాగుల తీగలకు, కనెక్టర్లకు సాధారణంగా పసుపు రంగు ఉంటుంది. వాటి జోలికి పోరాదు. సీటు తీయవలసివస్తే ముందుగా బ్యాటరీ తీగను విప్పి, తయారీదారు చెప్పిన వ్యవధి వరకు వేచి ఉండాలి. పైకప్పు అంచున, స్తంభాలలో పరదా ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో తీగలను వాటి ముందునుండి కాక వెనుకనుండి పోనిస్తారు. తలుపు స్పీకరు మార్చేటప్పుడు లోపలి ప్లాస్టిక్ పొరను చింపి అలాగే వదిలివేస్తే వాన నీరు కార్పెట్ కిందికి చేరుతుంది. కొన్ని లగ్జరీ కార్లలో నియంత్రణ పరికరాలు సరిగ్గా ఆ కార్పెట్ కిందనే ఉంటాయి.

సర్దుబాటు

ఆంప్లిఫయరు మీది గెయిన్ మర శబ్దం పెంచే మీట కాదు. స్టీరియో నుండి వచ్చే వోల్టేజికి ఆంప్లిఫయరును సరిపుచ్చడం దాని పని. 2 ఓముల సబ్‌వూఫర్‌కు 500 వాట్లు కావాలంటే ఆంప్లిఫయరు వద్ద 31.6 వోల్టులు ఉండాలి. స్పీకరును విడదీసి, 50 హెర్ట్జ్ పరీక్షా ధ్వనిని వాయిస్తూ వోల్ట్‌మీటరులో ఆ అంకె వచ్చేవరకు గెయిన్ పెంచుతారు. దానిని దాటితే తరంగపు కొనలు తెగి, వాయిస్ కాయిల్ మాడిపోతుంది. సబ్‌వూఫర్‌కు, తక్కిన స్పీకర్లకు మధ్య విభజనను సాధారణంగా 80 హెర్ట్జ్‌ల వద్ద ఉంచుతారు. డ్రైవరుకు ఒక స్పీకరు మరొకదాని కంటే 1 మీటరు దగ్గరగా ఉంటే దాని ధ్వని దాదాపు 2.9 మిల్లీసెకన్లు ముందుగా చేరుతుంది. ప్రాసెసరులో అంత ఆలస్యం కలిపితే గాయకుడు ఎదురుగా నిలిచి పాడుతున్నట్లు తోస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే గనుక, మరింత పెద్ద ఆంప్లిఫయరుకు పెట్టే డబ్బు కంటే సర్దుబాటుకు పెట్టిన సమయానికే ఫలితం ఎక్కువ.

వారంటీ, చట్టాలు

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి పరికరం బిగించారన్న ఒక్క కారణంతో తయారీదారు వారంటీని రద్దు చేయలేడు. ఆ పరికరం వలననే లోపం కలిగిందని చూపాలి. అయితే తీగలు కోసినచోట లోపం వస్తే అలా చూపడం తయారీదారుకు కష్టం కాదు. అందుకే అసలు తీగలను కోయకుండా మధ్యలో తగిలించే ప్లగ్గుల జతలను వాడడం మంచిది. కాలిఫోర్నియా వాహన చట్టం కారు స్టీరియో శబ్దం 50 అడుగుల దూరంలో వినిపించడాన్ని నిషేధిస్తుంది. భారతదేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లను పరిమితిగా నిర్ణయించాయి.

అమెరికా నుండి స్టీరియో తెచ్చుకొని ఇక్కడ బిగించేవారు ప్రాంతపు అమరికను కూడా మార్చుకోవాలి. అక్కడ మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్‌లు, భారతదేశంలో 9. ఆ అమరిక మార్చని రేడియో 730 నుండి 740కి దూకుతుంది. హైదరాబాదు ఆకాశవాణికి కేటాయించిన 738 కిలోహెర్ట్జ్‌ల వద్ద అది ఆగదు.