తెల్లన్నంపై వందేళ్ల విచారణ

నెల్లూరులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు 1886లో ఒక కొడుకు పుట్టాడు. పేరు రాబర్ట్ రనెల్స్ విలియమ్స్. బి1 విటమిన్‌ను 1936లో ప్రయోగశాలలో తయారుచేసి చూపింది ఆయన బృందమే. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ ఊళ్లో పుట్టినవాడు తెల్లబియ్యం తెచ్చిపెట్టిన జబ్బుకు మందు తయారుచేయడం కాకతాళీయమే. అయితే ఆ మందు అవసరం బాగా ఉన్న చోటు నెల్లూరుకు ఉత్తరాన అదే తీరంలో ఉంది. మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పేవి, కొందరికి ఒళ్లంతా నీరు పట్టి గుండె ఆగిపోయేది. తమిళ జిల్లాలవాళ్లూ అన్నమే తినేవారు కానీ వాళ్లను ఈ జబ్బు అంతగా బాధించలేదు. అక్కడ వాడకం ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడికేటప్పుడు పైపొరలోని బి1 గింజలోకి ఇంకుతుంది కాబట్టి మర పట్టించినా కొంత మిగులుతుంది. మనవాళ్లు తిన్న పచ్చిబియ్యంలో తవుడుతో పాటు అదీ పోయేది. ఈ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన విభాగమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

బెరిబెరి క్రమంగా మన తీరాన్ని వదిలింది. అన్నం మీద విచారణ మాత్రం సగంలోనే ఆగిపోయిందని నా అభిప్రాయం. పోయిన విటమిన్ పేరు తెలిసింది, దాన్ని విడిగా ఇచ్చే దారి దొరికింది, దాంతో తెల్లబియ్యం నిర్దోషిగా బయటపడింది. తవుడుతో పాటు పీచు, మెగ్నీషియం కూడా పోయాయన్న సంగతి మరుగున పడింది. పళ్లెంలో మిగిలింది తొందరగా రక్తంలో చక్కెరగా మారే పిండిపదార్థం. 21 దేశాల్లో 1.32 లక్షల మందిని సగటున తొమ్మిదిన్నరేళ్లు గమనించిన ‘ప్యూర్’ అధ్యయనం 2020లో వెలువడింది. రోజుకు 150 గ్రాముల లోపు తెల్లన్నం తినేవారితో పోలిస్తే 450 గ్రాములు, అంతకు మించి తినేవారికి మధుమేహం ముప్పు 20 శాతం ఎక్కువని అందులో తేలింది. దక్షిణాసియాలో ఆ తేడా 61 శాతం. ఇలాంటి అధ్యయనం కారణాన్ని రుజువు చేయదు, సంబంధాన్ని చూపుతుంది. ఆ సంబంధం మన ప్రాంతంలోనే ఇంత గట్టిగా కనిపించడాన్ని తేలిగ్గా తీసుకోలేం. పప్పుతో ఓ వాయి, కూరతో ఓ వాయి, చారుతో ఇంకోటి, పెరుగుతో చివరిది కలుపుకునే ఇంట్లో 450 గ్రాముల అన్నం రెండు పూటల్లో ఇట్టే దాటిపోతుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో అంచనా వేసింది.

తాతలు మూడుపూటలా అన్నమే తిని గట్టిగా బతికారు కదా అంటారు. వాళ్లు తిన్నదానిలో చాలా భాగం దంపుడు బియ్యం, తిన్నది పొలంలోనే అరిగేది. పైగా తాతలందరూ వరన్నం తినలేదు. రాయలసీమలో రాగిసంకటి, తెలంగాణలో జొన్నరొట్టె రోజువారీ కూడు, తెల్లన్నం పండగ భోజనం. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల రేషన్ బియ్యం పేదవాడి ఆకలి తీర్చింది, ఆ మేలును ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ ఆ సంచిలోకి జొన్నలు, రాగులు, కందిపప్పు కూడా అదే ధరకు చేరి ఉంటే మన పళ్లెం ఇలా ఉండేది కాదు. దంపుడు బియ్యం వెనక ఆడవాళ్ల రెక్కల కష్టం ఉండేది. ఆ రోజులు మళ్లీ రావాలని కోరనక్కర్లేదు, తవుడు పోకుండా పొట్టు మాత్రమే తీసే మరలు ఇప్పుడున్నాయి.

సన్నగా ఉన్నవాళ్లకు భయమెందుకన్నది ఇంకో మాట. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ కొలతలే బయటపెట్టారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు సూచిక) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన బరువు త్రాసు మీద కంటే నడుము చుట్టూ ఎక్కువ తెలుస్తుంది. అందుకే మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల నడుమును మనకు హద్దుగా పెట్టారు.

అలాగని దంపుడు బియ్యం తెచ్చుకుని నాలుగు వాయిలూ అలాగే కొనసాగిస్తే ఒక్క విటమిన్ కలిపి ఊరుకున్న పాత పొరపాటే మళ్లీ చేసినట్టు. చెన్నైలో జరిపిన పరీక్షల్లో దంపుడు అన్నం తిన్నప్పుడు రోజంతటి చక్కెర పెరుగుదల 20 శాతం దాకా తగ్గింది. మంచి ఫలితమే, కానీ ఎంత అన్నం తింటామన్నది కూడా చక్కెర మీద ప్రభావం చూపుతుంది. రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని, మన ఇళ్లలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉందని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి రెండు వాయిలు తగ్గించి ఆ చోటును పప్పుతో, ఆకుకూరతో నింపండి. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు మాత్రం ముందు డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోండి. అన్నం తగ్గించి మందు పాత మోతాదులోనే వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.