ఉపాధ్యాయుల ఆరోగ్యరక్షణ: రాయలసీమ చరిత్రములో కొన్ని ఘట్టములు

నల్లమల పాదమున మహానంది కలదు. ఏ వేసవియందును ఎండని ఊటనీరు కోనేళ్లు నిండి పొంగి వెలుపలి తోటలకు పారుచుండును. రాయలసీమలో ఇట్టి నీరు అరుదు. అందు మునిగినచో రోగములు తొలగునని నమ్మి వచ్చు యాత్రికులు నేటికిని కలరు. ఆ నమ్మకమును మేము పరిహసింపము. నిర్మలజలస్నానము దేహమునకు హితమే. అయితే ఆ యూరి బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయునకు గుండెనొప్పి వచ్చినయెడల కోనేరు చాలదు. నంద్యాలకు ఇంచుమించు 15 కిలోమీటర్లు పోవలయును. అచ్చట కాదన్నచో కర్నూలునకు మఱి 70 కిలోమీటర్లు. బండి దొరకుటకు ముందే ఇంటి యిల్లాలి మదిలో మెదలు ప్రశ్న యొక్కటే: ఈ సొమ్మెవరు పెట్టుకొందురు? ఈ ప్రశ్నకు మన సీమలో రెండువందల యేండ్లుగా దొరకిన ప్రత్యుత్తరములను వరుసగా చూడదలచితిమి.

వీధిబడి అయ్యవారికి జబ్బు చేసినచో బడి మూతపడెడిది. బడితోపాటు రాబడియు మూతపడెడిది. పిల్లల తండ్రులిచ్చు కాసులు, పండుగనాటి బియ్యము పప్పులు, ఇవే యాతని జీవనాధారము. 1800లో నిజాము దత్తము చేసిన మండలములకు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1822లో రాజధాని యందంతట బడులను గూర్చి విచారణ జరిపించెను. ఉపాధ్యాయుల నెలసరి యార్జన సామాన్యముగా ఆరేడు రూపాయలకు మించుటలేదని 1826లో ఆయనయే వ్రాసెను. మరుసటి యేట, 1827 జూలై 6వ తేదీన, పత్తికొండలో ఆయన కలరా సోకి మరణించెను. గవర్నరునకే మందు లేని కాలమది, అయ్యవారికెట్లుండును? అయినను భేదమొకటి కలదు. గవర్నరు గతించినందువలన ఆయన యిల్లు పస్తుండలేదు.

1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టము తరువాత బడులు పెరిగినవి. పంతుళ్లలో పెక్కురు బోర్డుల సేవకులైరి. సర్కారు గుమాస్తాకు గల హక్కులు బోర్డు పంతులునకు లేకుండెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకముననే మద్రాసులో వెలసిన దక్షిణ భారత ఉపాధ్యాయ సంఘము ఈ లోపమును గుర్తించి, సభ్యులు చందాలు కట్టుకొని పరస్పరము ఆదుకొనుటకై రక్షణనిధి నొకదానిని నెలకొల్పెను. తన రోగమును, తన మరణమును తన యింటి సంగతిగా మాత్రమే కాక తోటివారి సంగతిగా కూడ పంతులు తలచుట కిది తొలిమెట్టని మా యభిప్రాయము.

ఆనాటి ఇండ్లను వణకించిన వ్యాధి క్షయ. 1911 వఱకు కడప జిల్లాలో నుండిన మదనపల్లె చెంత, ఆరోగ్యవరమున, పలు క్రైస్తవ మిషనులు కూడి 1915లో క్షయరోగ చికిత్సాలయమును తెరచినవి. డెన్మార్కు దేశీయుడగు వైద్యుడు ఫ్రిమోట్-మోలర్ దానికి ప్రాణము పోసెను. స్ట్రెప్టోమైసిన్ రాకమునుపు ఈ రోగమునకు మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతియే ప్రధాన చికిత్స. అదియు నెలల తరబడి. జీతము లేక నెలల తరబడి మంచమున పరుండగల పంతులెవడు? ఆస్పత్రి కట్టుట యొకటి; అందు పరుండుటకు సెలవిచ్చుట మఱియొకటి. ఫ్రాన్సు దేశమున ఉపాధ్యాయుల పరస్పర సహాయ సంఘములు తమ క్షయరోగుల కొఱకు సేంత్-ఫేర్ అను చోట 1906లోనే తామే చికిత్సాలయమును తెరచినవి. 1946లో అక్కడి ఉపాధ్యాయ సంఘపు ప్రోద్బలమున వెలసిన ఎం.జి.ఇ.ఎన్. అను సహాయసంస్థ నేటికిని నడుచుచున్నది. మనవారికి ఆస్పత్రులు కట్టగల ధనము లేదు. కనుక మనవారు నిబంధనల దారి పట్టిరి.

ఆ దారి చప్పనిది. దానిపై కావ్యము లెవ్వరును వ్రాయరు. 1958లో ఏర్పడిన రాష్ట్ర శాసనమండలిలో ఉపాధ్యాయ నియోజకవర్గములుండుటచే బడిగొంతు సభలో వినబడుటకు వీలు కలిగెను. 1962లో కేంద్ర ప్రభుత్వము ఉపాధ్యాయ సంక్షేమ ప్రతిష్ఠానమును స్థాపించెను. గురుపూజోత్సవమునాడు జెండాలమ్మి విరాళములు కూర్చి, ఆపదలోనున్న ఉపాధ్యాయులకు సాయపడు పద్ధతి యది. ఉద్దేశము మంచిదే. కాని ఏటికొకనాడు పూజలందుకొను గురువు మిగిలిన దినములలో అర్జీ పట్టుకొని నిలుచుండుట మాకు రుచింపదు.

1972 నాటి ఆంధ్రప్రదేశ్ సమగ్ర వైద్యసహాయ నియమావళితో దానము హక్కుగా మారుట కనబడును. పంచాయతీరాజ్ బడుల ఉపాధ్యాయులును కాలక్రమమున దీని నీడకు వచ్చిరి. అయితే పని జరుగు తీరు వినదగినది. మొదట రోగి తన చేతిసొమ్ము పెట్టవలయును. ఆస్పత్రివారిచ్చు ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితము, బిల్లులు ఆరు నెలలలోపల సమర్పించవలయును. అవి మెట్టు మెట్టున పైకెక్కి, వైద్యాధికారుల పరిశీలనలో కొంత తగ్గి, ఖజానాకు చేరి, ఎప్పటికో సొమ్ముగా తిరిగివచ్చును. చేతిసొమ్ము లేనివాడేమి చేయును? అప్పు చేయును. బిల్లులో వడ్డీకి చోటు లేదు! మెట్టసీమలో వాన తప్పిన యేట బంధువుల చేతులును వట్టివే. సంఘ కార్యకర్త యొకడు జోలెసంచిలో పదిమంది బిల్లులు వేసికొని కార్యాలయముల చుట్టు తిరుగుట మన జిల్లాలలో చిరపరిచితమైన దృశ్యము. 1974 ఆగస్టు 10న వెలసిన ఐక్య ఉపాధ్యాయ ఫెడరేషనువంటి సంఘముల పేరు సమ్మెలతో ముడిపడి వినబడును గాని, ఇంటివారు వానిని జ్ఞాపకముంచుకొనునది ఈ బిల్లుల మూలముననే.

సెలవును ఔషధమే యని పైన సూచించితిమి. ఏటికి 20 దినముల అర్ధజీతపు సెలవు, వైద్యుని పత్రముపై దానిని పూర్తిజీతముగా మార్చుకొను వీలు (సేవాకాలమంతటికి 240 దినములకు మించక), క్షయ, క్యాన్సరు, హృద్రోగము వంటివానికి ప్రత్యేక సౌకర్యములు కలవు. ఉపాధ్యాయినుల ప్రసూతిసెలవు 2010లో 180 దినములైనది. బాలింత పచ్చిదేహముతో పొరుగూరి బడికి బస్సెక్కిన కాలమును ఎఱిగిన యత్తగార్లు ఈ సంఖ్య విలువను మాకంటె బాగుగా చెప్పగలరు.

2013 చివర ఉద్యోగుల ఆరోగ్యపథకము వచ్చెను. నెలకు కొంత (ఆరంభమున 90 రూపాయలో 120 రూపాయలో) జీతమునుండి మినహాయించి, మిగిలినది ప్రభుత్వము కలిపి, ఉపాధ్యాయునకును ఆతని పైనాధారపడినవారికిని కార్డు నిచ్చుట దీని పద్ధతి. జాబితాలోని ఆస్పత్రిలో చేతిసొమ్ము లేకయే చికిత్స జరుగవలెను. అప్పు బాధ తప్పించు నీ భావము మేలైనది. ఆచరణలో ప్రభుత్వపు బకాయీలు పెరిగినపుడు ఆస్పత్రులు కార్డును చూచి ముఖము త్రిప్పుకొనుటయు, సంఘములు మరల వినతిపత్రములు పట్టుటయు జరిగినవి. అందుచేతనే పాత బిల్లుల పద్ధతి కూడ పలుమారు పొడిగింపబడెను. పైగా కార్డు మంచమెక్కిన రోగినే ఎక్కువగా గుర్తించును. దినమున కయిదారు గంటలు అరచి బొంగురుపోవు గొంతు, తనిఖీల భయముతో చెదరు నిద్ర, ఇవి శస్త్రచికిత్సల పట్టికలో చేరవు.

మహానందికి దగ్గఱనున్న నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైనది. 2023లో అచ్చట ప్రభుత్వ వైద్యకళాశాలయు ప్రారంభమైనది. సర్కారు బడి ఉపాధ్యాయునకు దారి కొంత తగ్గినది, చేతిలో కార్డును కలదు. ఆ బస్సులోనే, ఆ ప్రక్క సీటులోనే కూర్చుండి వచ్చు ప్రైవేటు బడి ఉపాధ్యాయినికి ఆ కార్డు లేదు. పేదల కొఱకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వరుసలో ఆమె యిల్లు చేరియున్నచో అదియే యామెకు దిక్కు. బిల్లు పట్టుకొని ఆమె తరపున తిరుగు సంఘమును తఱచుగా లేదు.